మూడు వేళ్ల సందు

సబ్‌సెంటరు నర్సు సుకన్య
ఏడో నెల కడుపుతో నా పాక ముందు ఆగింది.
"బాబాయ్, పసిమంచం ఒకటి చెయ్యాలి, చుట్టూ చువ్వలతో."
తామరపువ్వు చెక్కనా, చిలకలు చెక్కనా అన్నాను.
పువ్వులొద్దంది. చిలకలూ వద్దంది.
నా చెయ్యి పట్టుకుని మూడు వేళ్లు దగ్గరికి చేర్చి
"చువ్వకీ చువ్వకీ మధ్య ఇవి పట్టాలి,
నాలుగోది పట్టకూడదు" అంది.

నలభై ఏళ్ల పని నాది.
పడవకి పలక వేశాను, గుమ్మానికి గడప వేశాను.
వరదకి ఉబ్బిన తలుపుని ఎంత చిత్రిక పట్టాలో
చూడకుండా చెప్పగలను.
పసిమంచానికి మాత్రం
చువ్వల లెక్క ఎప్పుడూ కర్ర ధరని బట్టే.
టేకు ప్రియమైతే పక్కకి అయిదు,
చవకైతే ఏడు.

"ఎందుకమ్మా అంత ఇరుకు?"
"ఒళ్లు చిన్నది బాబాయ్, జారిపోద్ది.
తల పెద్దది, ఆగిపోద్ది."

బాడిస కింద పెట్టేశాను.

పొదలాడ అవతల, ఏటిగట్టు మీద
పళ్లాలమ్మ ఇల్లు.
నా చేతి మంచం. అయిదు చువ్వలు.
తెల్లారి గాలి సోకిందన్నారు, దిష్టన్నారు,
పుట్టిన ఘడియ మంచిది కాదన్నారు.
నేనూ వెళ్లాను. నలుగురితో పాటు గట్టు మీద నిలబడ్డాను.
పిల్లాడు ఏ పక్కకి ఒరిగి ఉన్నాడని
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.
నాకు తెలీదు. నిజంగా తెలీదు.
వెళ్లి చూద్దామంటే ఆ గట్టే లేదు,
మూడేళ్ల కిందటి కోతలో
కొబ్బరిచెట్లతో సహా ఏట్లో కలిసింది.

మర్నాడు సైకిలు వెనక చువ్వల కట్ట కట్టాను.
కాలవ గట్టు వెంట, ఇంటింటికీ,
నేను చేసిన మంచాలెక్కడున్నాయని అడగడమే పని.
శివకోడులో ఒకటి అటక మీద, కొబ్బరి డొక్కలు నింపుకుని.
తాటిపాకలో ఒకదాంట్లో కోడిపెట్ట పొదుగుతోంది.
"కోళ్లకా ఆచారిగారూ చువ్వలు?"
ఇంటాయన పడీపడీ నవ్వాడు.
పెట్టని లేపకుండా, మేకు కొట్టకుండా,
మరలు తిప్పి నాలుగు దించాను.
"రేపు ఎవరికైనా ఎరువిస్తారు కదండీ."

సఖినేటిపల్లిలో ఒకదాంట్లో నిజంగానే పిల్లాడున్నాడు.
వాడి చుట్టూ సంత.
అమ్మమ్మ కుట్టిన ఆవాల దిండు,
మేనత్త తెచ్చిన గుడ్డ ఏనుగు,
బొంత మీద బొంత,
మెళ్లో నల్లతాడు, దానికో తాయెత్తు.
నేనే నర్సునన్నట్టు సుకన్య మాటలు అప్పజెప్పాను.
వెల్లకిలా పడుకోబెట్టండి. పక్కన ఏమీ ఉంచకండి.
అమ్మమ్మ కళ్లెర్రజేసింది.
"ఉత్త పరుపు మీదా? దిక్కులేనోడిలాగా?"
జవాబు తోచలేదు.
దిండు తీస్తే లోపల ఆవాలు సర్దుకున్న చప్పుడు.
ఆ కుట్టు చూశాను, సన్నటి కుట్టు, నా రంపం పళ్లకన్నా వరసగా ఉంది.
"మెలకువగా ఉన్నప్పుడు ఆడుకుంటాడు లెండి"
అని ఆవిడ ఒళ్లోనే పెట్టాను.
చాలాసేపటికి, తాడు ముడి ఆవిడే విప్పింది.

సుకన్య మంచం మాఘానికి అయింది.
నాలుగు వైపులా కలిపి నలభై రెండు చువ్వలు.
రంగు వెయ్యలేదు, పళ్లొస్తే కొరుకుతుంది మరి.
అంబాజీపేట పీచు పరుపు, గట్టిది.
అంచుకీ చెక్కకీ మధ్య సుకన్య వేలు దూర్చి చూసింది.
దూరలేదు. అప్పుడు నవ్వింది.
దోమతెర పైన బిగించాం, లోపలికి వేలాడకుండా.

నిన్న చూసొచ్చాను.
తల్లి మంచానికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో
పిల్ల వెల్లకిలా, రెండు చేతులూ పైకెత్తి,
పోలీసు ఆపినట్టు.
పిల్ల తప్ప అందులో ఏమీ లేదు.
పొట్ట లేస్తోంది, దిగుతోంది.
రసమట్టంలో బుడగ కుదురుకునేదాకా చూసినట్టు
చూస్తూ నిలబడ్డాను.

పాకలో ఒక్క చువ్వ మిగిలింది.
పళ్లాలమ్మ రాజోలులో
కూతురి దగ్గరుంటోందట. కూతురికి నెలలట.
వెళ్లాలి.
చువ్వ పట్టుకెళ్లాలో, ఉత్త చేతులతో వెళ్లాలో
ఇంకా తేలలేదు.